మార్కా మావకి నేను చెప్పిన చెట్ల పేర్లు

మొన్న కలకత్తాలో ఖిదిర్‌పూర్ బస్సులో నా పక్క సీటు ఖాళీ అయితే ఒక ముసలాయన వచ్చాడు. కూర్చోబోయే ముందు సీటు వెనక రేకు మీద వేలికణుపులతో రెండుసార్లు టకటకమని కొట్టి అప్పుడు కూర్చున్నాడు. ఎందుకు కొట్టాడో ఆయనకే తెలీదు, అలవాటు కాబోలు. నేను మాత్రం దిగాల్సిన స్టాపు దాటిపోయినా లేవలేదు. చెట్టుని పలకరించే ముందు మార్కా మావ దాని మాను మీద సరిగ్గా అలాగే కొట్టేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన గురించి నేనెవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ముందు నా గురించి చెప్పుకోవాలి, అందుకని.

ఆయనకి ఒక పేరు ఉంది. గార్డెన్ రీచ్‌లో రేవు కూలీల క్వార్టర్లని మేం లైన్లు అనేవాళ్లం. ఆ లైన్లలో ఆయన్ని ఆ పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు కాబట్టి నేనూ రాయను. పిల్లలకీ పెద్దలకీ, చివరికి యూనియన్ ఆఫీసులో ఎర్రజెండా కింద కూర్చునే బెంగాలీ అన్నలకి, వాళ్ల మాటలో దాదాలకి, కూడా ఆయన మార్కా మావే.

ఆ పేరు పనివల్ల వచ్చింది. ఓడ కడుపులోంచి షెడ్డులోకి దిగే ప్రతి బస్తా మీదా, ప్రతి పెట్టె మీదా నల్లరంగుతో ఒక గుర్తు వేసి ఉంటుంది. ముక్కోణంలో రెండు అక్షరాలు, సున్నాలో అడ్డగీత, ఒకదాని మీద ఒకటి రెండు చతురస్రాలు, ఇలాంటివి. దాన్నే మార్కా అంటారు. ఏ మార్కా సరుకు ఆ కుప్పలోకే పోవాలి. గుమాస్తా అయితే కాగితం చూసి చెబుతాడు. మావకి కాగితం అక్కర్లేదు, అసలు చదువే రాదు. పొద్దున్న ఒకసారి మార్కాలన్నీ చూపిస్తే ఓడ ఖాళీ అయ్యేదాకా ఆయన బుర్రలోంచి చెరగవు. బస్తా మోసుకొచ్చేవాడి వంక చూసి చేత్తో అటు, ఇటు అని చూపిస్తూ నిలబడేవాడు. ఆయన నిలబడినన్ని ఏళ్లలో ఒక్క బస్తా వేరే కుప్పలో పడలేదని గేంగులో వాళ్లు గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఆయన మాత్రం చెప్పుకునేవాడు కాదు. ఎవరైనా పొగిడితే తువ్వాలుతో మొహం తుడుచుకునేవాడు, అంతే.

ఆ రోజుల్లో నేను బీకాం పాసై ఇంట్లో కూర్చున్నాను. ఊరంతా నాలాంటి వాళ్లే. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు జేబులో పెట్టుకుని తిరగడం, ఊరేగింపు వస్తే చూడడం, కరెంటు పోతే గుమ్మంలో కూర్చోవడం. మా నాన్న కూడా రేవులోనే మోసేవాడు. కొడుకు మొయ్యకూడదని చదివించాడు, చదివించినందుకు ఇప్పుడు కూర్చోబెట్టి మేపుతున్నాడు. ఆ సంగతి ఆయన నోటితో అనకపోయినా కంచం పెట్టే చప్పుడులో నాకు వినపడేది. అలాంటి ఒక ఆదివారం మార్కా మావ మా గుమ్మం ముందు ఆగాడు.

"ఏటి బావూ, గోడలు సూస్కోని కూకుంటావేటి? పద, కంపెనీ బాగాన్‌కి ఎల్దాం."

కంపెనీ బాగాన్ అంటే నది అవతల శిబ్‌పూర్‌లో ఉన్న బొటానికల్ గార్డెన్. మా పెద్దవాళ్లంతా ఆ పాత పేరే అనేవాళ్లు. మెటియాబ్రుజ్ ఘాట్‌లో పడవెక్కితే కాసేపట్లో అటు ఒడ్డు. పడవలో ఆయన కూర్చునేవాడు కాదు. జీవితమంతా ఓడల్ని ఒడ్డునుంచే చూసినవాడు, పడవ మీదనుంచి ఒడ్డుని చూడడం ఆయనకి సరదా. "అదిగో మన షెడ్డు. ఇక్కణ్ణించి సూత్తే అగ్గిపెట్టలాగున్నాది గదా," అని ప్రతిసారీ అనేవాడు, ప్రతిసారీ నవ్వేవాడు.

ఆయనకున్న పిచ్చి అదొక్కటే, సర్కారు తోటలు. తాగుడు లేదు, పేకాట లేదు. చలికాలం వచ్చిందంటే ఆదివారానికొక తోట. అలీపూర్ చిడియాఖానాకి వెళితే జనమంతా పులి బోను దగ్గర తోసుకుంటుంటే, ఆయన పులికి వీపు పెట్టి ఎదురుగా ఉన్న చెట్టుని చూస్తూ నిలబడేవాడు. ఢాకురియా లేక్‌కి వెళితే బెంచీ ఎంచుకోడానికే అరగంట పట్టేది. ఎండ పడాలి, కానీ మొహం మీద కాదు, కాళ్ల మీద. హావ్‌డా అవతల గడ్‌చుముక్‌లో లేళ్ల తోట ఉంది, రెండు బస్సులు మారాలి. అక్కడ లేళ్లు కంచె దగ్గరికి వస్తే జేబులోంచి నారింజ తొక్క తీసి చూపించేవాడు, పెట్టేవాడు కాదు. "పెట్టొద్దని బోరుడు మీద రాసుంటాది గదా, నువ్వు సదువు," అనేవాడు. నేను చదివేవాణ్ణి. నిజంగానే రాసి ఉండేది.

తోటలో ఆయన పద్ధతులు ఆయనకి ఉండేవి. గేటు దాటగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవాడు. ఆకు కోసేవాడు కాదు, రాలింది తీసి నలిపి వాసన చూసి మళ్లీ ఎక్కడ తీశాడో అక్కడే పెట్టేవాడు. మధ్యాహ్నం తువ్వాలు పరిచి మూడీ పోసేవాడు. మూడీ అంటే మన బొరుగులే. అందులో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఆవనూనె. పక్కన ఉడకబెట్టిన గుడ్లు, నారింజలు. తిన్నాక అదే తువ్వాలు దులిపి మొహం మీద కప్పుకుని పడుకునేవాడు. నిద్రపోయే ముందు ఎప్పుడూ ఒకటే మాట.

"సర్కారోడి తోటలో మనల్ని లెగమనీవోడు నేడు బావూ. ఫుట్‌పాత్ మీద కూకుంటే పోలీసోడు లెగమంటాడు. అరుగు మీద కూకుంటే ఇంటోడు లెగమంటాడు. షెడ్డులో కూకుంటే సర్దారు లెగమంటాడు. ఇక్కడ గంట కొట్టీదాకా ఎవుడూ అడగడు."

నిజం చెప్పాలంటే ఆ ఆదివారాలే నా నిరుద్యోగంలో నేను బతికిన రోజులు. అప్పుడు ఒప్పుకునేవాణ్ణి కాదు. ముసలాయన ఒంటరిగా వెళ్లలేక నన్ను తీసుకెళుతున్నాడని, నేనేదో ఉపకారం చేస్తున్నానని అనుకునేవాణ్ణి. ఆయన గుడ్లు తింటూ ఆయనకి ఉపకారం.

నేను చెయ్యాల్సిన పని ఒకటుండేది. కంపెనీ బాగాన్‌లో చెట్లకి రేకు బిళ్లలు కొట్టి ఉంటాయి. ఇంగ్లీషులో ఒక పొడుగాటి పేరు, కొన్నిటికి కింద బెంగాలీలో ఇంకో పేరు. మావ వెళ్లి చెట్టు మీద రెండుసార్లు టకటక కొట్టేవాడు, తలుపు తట్టినట్టు. ఆ తర్వాత నా వైపు తిరిగేవాడు.

"ఎవులు బావూ ఈయన?"

నేను చదివేవాణ్ణి. ఇంగ్లీషు పేరు ఆయన నోటికి పట్టేది కాదు. బెంగాలీ పేరు పట్టేది, కానీ తృప్తి ఉండేది కాదు. "అది ఆల్ల మాట. మన మాటలో ఏటంటారు?" అని అడిగేవాడు. పదేళ్ల వయసులో శ్రీకాకుళం సముద్రపు ఒడ్డునుంచి మేనమామ వెంట వచ్చేశాడు ఆయన. తర్వాత ఊరు మొహం చూసింది రెండుసార్లో మూడుసార్లో. లోకంలో ప్రతి చెట్టుకీ తెలుగులో ఒక పేరు ఉంటుందని, అది చదువుకున్నవాళ్లకి తెలుస్తుందని ఆయన నమ్మకం. నేను గార్డెన్ రీచ్‌లో పుట్టి బెంగాలీ బడిలో చదివినవాణ్ణి. నా తెలుగు మా అమ్మ వంటింట్లో మొదలై అక్కడే అయిపోయింది. మొదట్లో "తెల్దు మావా" అనేవాణ్ణి. ఆయన తలూపి, "సర్లే, తెలిస్తే సెప్పు," అని ఇంకో చెట్టు దగ్గరికి నడిచేవాడు. దానికి ఆయన నన్ను చిన్నచూపు చూసిందేమీ లేదు. అది ఇప్పుడు తెలుస్తోంది.

ఒకసారి మా లైన్లవాళ్లు కొందరం బక్‌ఖాలీ వెళ్లాం. అక్కడ సముద్రం ఒడ్డున అటవీశాఖవాళ్లు వేసిన తోపు ఉంది. గాలికి ఆ చెట్లు సన్నగా ఊదుతున్నాయి. మావ వెళ్లి మాను మీద కొట్టలేదు, చెయ్యి వేసి ఊరుకున్నాడు. కాసేపటికి నన్ను పిలిచాడు. "ఇది నాకు తెల్సు బావూ. ఇది సరుగుడు. మా ఊరు ఒడ్డుని ఇవే. నువ్వు నాకు ఇన్ని పేర్లు సెప్తావు గదా, నా తరఫున ఇదొక్కటి నేర్సుకో." కళ్లు తడిగా ఉన్నాయి, దాచుకోలేదు. మా అమ్మ వంటింటి బయట నేను తెలుగులో నేర్చుకున్న మొదటి చెట్టు పేరు అది, ఆయన ఇచ్చింది.

అప్పటికి నేను ఆయనకి ఇచ్చినవి ఏమిటో చెప్పాలి.

అంతకు ముందు చలికాలంలో నాకొక ఇంటర్వ్యూ వచ్చింది. బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు. నాలుగు ప్రశ్నలు అడిగారు. నాలుగిటికీ "జానీ నా" అన్నాను. తెలీదు, తెలీదు, తెలీదు, తెలీదు. నాలుగోసారి ఒకాయన పెన్ను మూత పెట్టేసి నవ్వాడు. అది శుక్రవారం. ఆదివారం కంపెనీ బాగాన్‌లో మావ ఒక చెట్టు మీద టకటక కొట్టాడు. మానునిండా నేరుగా పూసిన ఎర్రటి పువ్వులు, తాళ్లకి కట్టినట్టు గుండ్రటి గట్టి కాయలు. "మన మాటలో ఏటంటారు బావూ?" అన్నాడు. ఆ వారంలో ఐదోసారి తెలీదనడానికి, అదీ వేలిముద్ర వేసే మనిషి ముందు, నాకు నోరు రాలేదు.

"ఫిరంగిమల్లె," అన్నాను.

మావ మొహం విప్పారింది. "ఫిరంగిమల్లె," అని ముమ్మారు అన్నాడు. "ఎంత సక్కగా పెట్టినారు బావూ మనోల్లు. కాయ ఫిరంగి గుండే, పువ్వు మల్లే." నాకు లోపల సిగ్గు వెయ్యలేదు. గర్వంగా కూడా అనిపించింది. ఆ సంగతి దాచి ప్రయోజనం లేదు.

ఇంక అడ్డు లేకపోయింది. గొడుగులా అంతస్తులుగా కొమ్మలు పరిచినదానికి దేవగొడుగు అని పెట్టాను. కంచమంత ఆకులున్నదానికి విస్తరి టేకు. సాయంత్రం ఆకులు ముడుచుకునే మహావృక్షానికి వానచింత. నది వైపు దారి చివర ఒక చెట్టు ఉండేది, సన్నగా, నున్నగా, లేత ఊదారంగు పూలతో. దానికి రేకు రాలిపోయి మేకు మాత్రమే మిగిలింది. చదవడానికి కూడా ఏమీ లేదు. దానికి మా కాలేజీలో మూడేళ్లపాటు నా వైపు ఒక్కసారీ చూడని అమ్మాయి పేరు పెట్టాను, చిత్రలేఖ అని. ఆ రోజు నాలో నేను నవ్వుకున్నాను.

నేనాడిన అబద్ధాలు నాకు గుర్తుండేవి కావు. ఆయనకి ఉండేవి. వచ్చే ఆదివారం నేనే తడబడితే, "కాదు బావూ, ఇది దేవగొడుగు గదా, నువ్వే సెప్పినావు," అని సర్దేవాడు. తిరుగు పడవలో కమ్మీ పట్టుకుని నిలబడి, రెండో చేతి వేళ్లు ముడుస్తూ, ఘాట్ గేటు దగ్గరనుంచి దారి చివర దాకా ఏ చెట్టు తర్వాత ఏ చెట్టో వరసగా అప్పజెప్పేవాడు. అప్పజెప్పి ఒక మాట అడిగేవాడు.

"తప్పు నేదు గదా బావూ?"

"నేదు మావా," అనేవాణ్ణి, వినకుండానే. కానీ వారం వారం చెవిలో పడి పడి ఆ వరస నాకూ నోటికొచ్చేసింది.

రెండు చలికాలాలు అలా గడిచాయి. ఆ తర్వాత పిక్నిక్ వచ్చింది.

మా తెలుగువాళ్లు ఏడాదికొకసారి జనవరిలో పిక్నిక్కి వెళ్లేవాళ్లు. ఆ ఏడు కంపెనీ బాగాన్. ఆంధ్రానుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఒక కంపెనీ ఆఫీసరునీ ఆయన భార్యనీ గౌరవంగా పిలిచారు. ఆయన కింద ఒక గుమాస్తా ఉద్యోగం ఖాళీ ఉందని మా నాన్న పది రోజులుగా నా చెవిలో జోరీగలా చెబుతూనే ఉన్నాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన చుట్టూ తిరుగుతున్నాను. వంటలవుతుండగా మార్కా మావ ముందుకొచ్చాడు. ఉతికిన పంచె, నూనె రాసి దువ్విన తల. రేవులో ఎప్పుడూ పక్కకి నిలబడే మనిషి, ఆ రోజు అందరికీ ముందు నడిచాడు.

"రండమ్మా, మన తోట సూపిత్తాను," అన్నాడు ఆఫీసరు భార్యతో. పిల్లలు, ఆడవాళ్లు, గేంగువాళ్లు, అందరూ వెనక నడిచారు. ఆయన మొదటి చెట్టు మీద టకటక కొట్టాడు. "ఇది ఫిరంగిమల్లె అమ్మా."

ఆవిడ పెళ్లికి ముందు ఏదో ఊళ్లో కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదట. ఆ సంగతి మాలో ఎవరికీ తెలీదు. ఆవిడ మంచి మనిషి, ఎత్తిపొడవాలని అనలేదు.

"అలా కూడా అంటారాండీ? మేం నాగలింగం అంటాం," అంది.

"కాదమ్మా. ఫిరంగిమల్లె," అన్నాడు మావ మెత్తగా. ఇంకో చెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. "ఇది దేవగొడుగు."

ఆవిడ ఆకుల గుత్తి చూసి కాస్త ఇబ్బందిగా నవ్వింది. "ఇది ఏడాకులపాల అండీ. చూడండి, గుత్తికి ఏడు ఆకులు." ఆ తర్వాత వానచింత. అది నిద్రగన్నేరని ఆవిడ చెప్పే లోపే వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు అంటుకుంది. "మార్కా మారిపోనాదేటి మావా," అన్నాడు గేంగులో ఒకడు.

మావ కంగారు పడలేదు. జనంలో నన్ను వెతికాడు. నేను ఆఫీసరు పక్కనే ఉన్నాను.

"బావూ, నువ్వు సెప్పు. రేకు సదివినోడివి నువ్వే గదా. నువ్వు నాకేటి సెప్పినావు?"

అందరూ నా వైపు చూశారు. ఆఫీసరు కూడా చూశాడు. ఒక్క మాట అంటే చాలు, నాకు తెలీక ఏదో కల్పించాను మావా అని. నవ్వులు నా మీదికి తిరిగేవి, ఆయన మీదనుంచి పోయేవి. నేను గొంతు సవరించుకుని, ఇంట్లో మాట్లాడే మాట కాకుండా ఆ దంపతులు మాట్లాడే తెలుగు తెచ్చిపెట్టుకుని అన్నాను.

"నేను చెప్పింది నాగలింగమే మావా. నువ్వు మర్చిపోయి ఉంటావు."

ఆయన నన్ను అనుమానించి ఉంటే బాగుండేది. ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. నా మాట విని తన లోపల వెతుక్కున్నాడు. మెట్టుందనుకుని కాలు వేస్తే మెట్టు లేనప్పుడు మొహం ఎలా అవుతుందో అలా అయింది. "మర్సిపోనానేటి," అన్నాడు నెమ్మదిగా. "అయ్యుంటాది. పెద్దోణ్ణయిపోనాను గదమ్మా." ఆవిడకి నమస్కారం పెట్టి గాడిపొయ్యి దగ్గరికి వెళ్లి కట్టెలు సర్దుతూ కూర్చున్నాడు. దారి చివరి చెట్టు దాకా ఎవరూ వెళ్లలేదు.

నాలుగు నెలలకి ఆ గుమాస్తా ఉద్యోగం నాకొచ్చింది. రిటైరయ్యేదాకా దాన్నే చేశాను.

ఉద్యోగంలో చేరక ముందే ఇంకోటి జరిగింది. మావ మార్కా పని వదిలేశాడు. ఎవరూ వదలమనలేదు. పిక్నిక్ అయిన వారంనుంచే ఆయన బస్తా మీద గుర్తు చూసి చెయ్యి ఎత్తబోయి ఆగడం మొదలెట్టాడట. పక్కవాణ్ణి అడిగేవాడట, ఇది అటేనా అని. ఒకరోజు గేంగు పెద్ద సర్దారు దగ్గరికి తనే వెళ్లి, "నా బుర్ర మీద నాకు నమ్మకం నేదు దాదా. ఒకలి సరుకు ఇంకోలికి పోతే ఉసురు తగుల్తాది. ఇంకోణ్ణి నిలబెట్టండి," అన్నాడట. యాభై దాటిన మనిషి మళ్లీ బస్తా భుజాన వేసుకున్నాడు. సాయంత్రాలు లైన్లలోకి నడుం పట్టుకుని వచ్చేవాడు. నేను మా గుమ్మంలోంచి చూసేవాణ్ణి. చూసి లోపలికి వెళ్లిపోయేవాణ్ణి. మా ఇంట్లో అప్పుడు అందరూ సంతోషంగా ఉన్నారు.

ఒక్కసారి చెప్పేద్దామని వెళ్లాను. ఉద్యోగం వచ్చినందుకు మిఠాయి పొట్లం పట్టుకుని. ఆదివారమే అది. ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పిక్నిక్ తర్వాత ఏ తోటకీ వెళ్లలేదు. నేను నోరు తెరిచేలోపు ఆయనే చెయ్యి పట్టుకున్నాడు.

"బావూ, ఆ రోజు అందరి ముందర నిన్ను తలొంపులు సేసీసినాను. నువ్వు సక్కగానే సెప్పినావు, నేనే సెడగొట్టీసినాను. మనసులో ఎట్టుకోకు."

అప్పుడు చెప్పాలి. అంతకన్నా మంచి అదను ఇంకోటి రాదు. నేను "పర్వానేదు మావా," అన్నాను. క్షమించాను ఆయన్ని. మిఠాయి నా చేత్తోనే ఆయన నోట్లో పెట్టాను. ఇన్నేళ్లలో నేను చేసిన పనులన్నిటిలోకీ తలచుకోలేనిది ఆ మిఠాయి పెట్టడం.

ఆ తర్వాత నేను తెలుగు కుదురుగా నేర్చుకున్నాను. ఊరినుంచి పుస్తకాలు తెప్పించుకుని, ఏ చెట్టుని ఏమంటారో కూడా చదివాను. ఎవరికోసం చదివానో ఆయనకి మాత్రం చెప్పలేదు. ఎదురుపడితే, "బాగున్నావేటి బావూ," అనేవాడు, "బాగున్నాను మావా," అనేవాణ్ణి. అలా పదేళ్లు గడపొచ్చు. నేను గడిపాను.

చివర్లో ఆయనకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. జ్వరంలో ఏదేదో అంటున్నాడని, నన్ను పిలుస్తున్నాడని కబురొస్తే మధ్యాహ్నం ఆఫీసునుంచి నేరుగా వెళ్లాను. ఆయన భార్య, నేను అత్తా అని పిలిచే ఆవిడ, తలదగ్గర కూర్చుని ఉంది. ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురున్నారు. మావ కళ్లు మూసుకునే ఉన్నాయి. మంచం పక్క గోడ మీద వేలికణుపులతో రెండుసార్లు కొట్టాడు.

"ఫిరంగిమల్లె," అన్నాడు. మళ్లీ కొట్టాడు. "దేవగొడుగు."

"ఇదే వరస పొద్దున్నుంచి," అంది అత్త. "బుర్ర ఎప్పుడో పోనాది. ఏటంతన్నాడో ఆ బగమంతుడికే తెల్వాలి."

విస్తరి టేకు. వానచింత. నేను మొదటిసారి విన్నాను. అన్ని ఆదివారాల పడవల్లో వినకుండా నేదు మావా అన్నవాణ్ణి, ఆ రోజు ఒక్కొక్కటే విన్నాను. ఘాట్ గేటు దగ్గరనుంచి దారి మలుపు, మలుపునుంచి చెరువు, చెరువునుంచి నది. ఒక్కటీ వదల్లేదు, ఒక్కటీ ముందు వెనకలు కాలేదు. ఆ గదిలో అందరూ మతి పోయిందనుకుంటున్న మనిషి ఒక్క పొరపాటు చెయ్యకుండా తోటంతా నడిచాడు. చివర గోడ మీద కొట్టి, "సిత్రలేక," అన్నాడు. అత్త తల ఎత్తి ఆయన మొహంలోకి చూసింది.

"తప్పు నేదు గదా బావూ?"

"నేదు మావా," అన్నాను. "ఒక్క తప్పూ నేదు." ఆయన విన్నాడో లేదో తెలీదు. పక్కన నలుగురూ నేను ముసలాయన్ని ఊరడిస్తున్నాననుకున్నారు. ఎంత మంచివాడో అన్నట్టు నా వైపు చూశారు.

రెండు రోజులకి పోయాడు. పదోరోజు కార్యం అయ్యాక అత్త నన్ను పెరట్లోకి పిలిచింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ, నా మొహం చూడకుండా అడిగింది.

"ఆదోరాలు మీ మావ ఎంట తిరిగినోడివి నువ్వే. నిజం సెప్పు. ఎవులది, ఆ సిత్రలేక?"

ఆవిడ ఇన్ని రోజులుగా అది మోస్తోందని నాకప్పుడు అర్థమైంది. బతికున్నంతకాలం ఆయన బుర్ర మీద మచ్చ పెట్టాను, పోయాక ఆయన నడత మీద కూడా పెట్టాను. ఇంక నాకు చోటు లేదు. అక్కడే, నీళ్లతొట్టి పక్కన నిలబడి, ఫిరంగిమల్లె దగ్గర మొదలెట్టి మిఠాయి దాకా చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపలేదు.

"అయితే మీ మావ బుర్ర బాగానే ఉన్నాది."

"బాగానే ఉంది అత్తా."

"మోతకి ఎల్లిపోనాడు గదరా. నడుం ఇరిగీదాకా మోసినాడు." తిట్టలేదు, గొంతు పెంచలేదు. "నన్నొకపాలి ఆ సెట్టు కాడికి తీస్కెల్లు."

ఆ ఆదివారం మెటియాబ్రుజ్ ఘాట్‌లో పడవెక్కాం. ఆవిడ కూర్చుంది, నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. తోటలో ఆవిడ ఏ చెట్టు దగ్గరా ఆగలేదు. నేనే ముందు నడిచి దారి చివరికి తీసుకెళ్లాను. చెట్టు అలాగే ఉంది, కాస్త లావెక్కింది. మేకు బెరడులోకి సగం కూరుకుపోయింది. నేను చదివిన పుస్తకాలన్నిటిలోనూ ఈ చెట్టుని వెతికాను, దొరకలేదు. అత్త దగ్గరికి వెళ్లి చెయ్యి మడిచి మాను మీద రెండుసార్లు కొట్టింది. ఆయన అలా కొట్టేవాడని నేను చెప్పలేదు. ఇంట్లో తలుపు కూడా ఆయన అలాగే కొట్టేవాడేమో.

"దీని అసలు పేరేటి?" అంది.

"తెల్దత్తా," అన్నాను.

ఆవిడ చెట్టు మీదనుంచి చెయ్యి తియ్యకుండా నా వైపు తిరిగింది.

"ఈ ముక్క సెప్తే మీ మావేటి అనీవోడు?"

నాకు తెలుసు ఏమనేవాడో. సర్లే, తెలిస్తే సెప్పు, అనేవాడు. ఇంకో చెట్టు దగ్గరికి నడిచేవాడు.